కురుపు, సూది, తల్లి మీద నింద

(స్త్రీల ఆరోగ్య కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. నా పేరు ముందున్న 'డాక్టర్' సమాజశాస్త్రం ఇచ్చింది. అయినా ఈ రోజు మందుల గురించి మాట్లాడబోతున్నాను. మందు ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, జబ్బు వస్తే తప్పు ఎవరి మీద వేస్తున్నారు అన్నవి వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చగలిగిన ప్రశ్నలు కావు.

బస్తీల్లో, హాస్టళ్లలో పనిచేసే మన కార్యకర్తలు తరచుగా అడిగే ప్రశ్నతో మొదలుపెడతాను. "పిల్లకి ఒళ్లంతా కురుపులు. ఇలాగే వదిలేస్తే కిడ్నీలకి పాకుతుందంటున్నారు. సూది వేయిస్తే పాకకుండా ఉంటుందా?"

ముందు ఆ 'పాకడం' అనే మాట సంగతి చూద్దాం. చీము కురుపులకు, కొన్ని రకాల గొంతునొప్పికి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా కారణం. గజ్జి ఉన్న పిల్లలు గోక్కున్నచోట చర్మం చిట్లి ఈ బాక్టీరియాకి దారి దొరుకుతుంది. కానీ అది చర్మం నుంచి కిడ్నీకి పాకదు. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీలు, బాక్టీరియా పదార్థాలు కలిసి కిడ్నీలోని సన్నని వడపోత గొట్టాల్లో చిక్కుకుని అక్కడ వాపు తెస్తాయి. దీన్నే నెఫ్రైటిస్ అంటారు. గొంతునొప్పి తర్వాతైతే ఒకటి రెండు వారాలకు, కురుపుల తర్వాతైతే మూడు నుంచి ఆరు వారాలకు ఇది బయటపడుతుంది. అప్పటికి కురుపు మాని, మచ్చ మాత్రమే మిగిలి ఉండవచ్చు. అందుకే తల్లి ఈ రెండింటికీ సంబంధం ఉందని అనుకోదు.

నిద్ర లేచేసరికి పిల్ల మొహం, కళ్ల చుట్టూ ఉబ్బి ఉంటుంది. మూత్రం తగ్గుతుంది, టీ డికాక్షన్ రంగులో వస్తుంది. బీపీ పెరుగుతుంది. బాగా పెరిగితే తలనొప్పి, ఫిట్స్ కూడా రావచ్చు. సకాలంలో ఆస్పత్రికి చేరి బీపీ అదుపులో పెడితే పిల్లల్లో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు. ఆలస్యమైతేనే ప్రాణం మీదికి వస్తుంది. 2005లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 4,70,000 మందికి ఈ జబ్బు వస్తోంది, దాదాపు 5,000 మంది చనిపోతున్నారు. ఆ మరణాల్లో నూటికి 97 పేద దేశాల్లోనే.

ఇక సూది విషయం. దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి వచ్చిన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ ఇస్తే గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. 1950 ప్రాంతంలో అమెరికా సైనిక శిబిరాల్లో జరిగిన పరీక్షల్లో ఇది రుజువైంది. కిడ్నీ విషయంలో అంత గట్టి రుజువు లేదు. గొంతునొప్పి మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసినా నెఫ్రైటిస్ వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. అంత తక్కువ సంఖ్యతో ఖాయంగా ఏదీ చెప్పలేం. కురుపులు వచ్చిన పిల్లకి సూది వేస్తే ఆ పిల్ల కిడ్నీకి పూర్తి రక్షణ దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నెఫ్రైటిస్ వచ్చాక వేసే సూది ఒంట్లో మిగిలిన బాక్టీరియాని చంపుతుంది కానీ కిడ్నీ వాపుని తగ్గించదు.

అలాగని సూది దండగ అనుకోకూడదు. ఆ పిల్ల నుంచి చెల్లెలికి, పక్కమంచం పిల్లకి బాక్టీరియా అంటకుండా అది ఆపుతుంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో ఆదివాసీ సముదాయాల పిల్లల్లో ఈ జబ్బు మళ్లీ మళ్లీ ప్రబలుతోంది. అక్కడ ఒక కేసు కనబడగానే ఆ ఇంట్లోని మిగతా పిల్లల్ని కూడా చూస్తారు. జబ్బు వ్యాపిస్తుంటే ఊళ్లోని పిల్లలందరినీ పరీక్షించి, కురుపులున్నవాళ్లకి బెంజాథిన్ పెన్సిలిన్ వేస్తారు. అంటే యాంటీబయాటిక్ ఇక్కడ ఒక్క పిల్లకి రక్షరేకు కాదు, ఊరికి వేసే అడ్డుకట్ట. ఈ తేడా మనం గట్టిగా పట్టుకోవాలి. ఎందుకంటే అడ్డుకట్ట వేయడం ఒక తల్లి చేతిలో లేదు. అది ప్రజారోగ్య వ్యవస్థ పని.

ఇంకో మాట. గొంతునొప్పి అనగానే, జ్వరమనగానే యాంటీబయాటిక్ మింగించడం కూడా ప్రమాదమే. గొంతునొప్పుల్లో ఎక్కువ వైరస్ వల్ల వచ్చేవి, వాటికి ఈ మందులు పనిచేయవు. స్ట్రెప్టోకాకస్ పెన్సిలిన్‌కి ఇప్పటికీ లొంగుతూనే ఉంది. ఇంత పాత, ఇంత చవక మందుని వదిలి ఖరీదైనవి రాయడం ఎవరి లాభం కోసమో అడగాలి. పెన్సిలిన్ కొందరికి పడదు, అరుదుగా ప్రాణాపాయం కూడా జరుగుతుంది. అందుకని ఆ సూది తగిన ఏర్పాట్లున్న ఆరోగ్య కేంద్రంలోనే పడాలి. అలాంటి కేంద్రం దగ్గర్లో ఉండటం మన హక్కు.

ఇప్పుడు నింద సంగతి. కురుపుల పిల్లని తీసుకుని ఆస్పత్రికి వెళ్లిన తల్లికి మందుకంటే ముందు దొరికేది ఒక మాట: "పిల్లకి స్నానం చేయించవా?" ఆ మాట అనేవాళ్లు ఆమె ఇంట్లో ఎన్ని బిందెల నీళ్లున్నాయో అడగరు. గజ్జికి పర్మెత్రిన్ రాస్తారు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకుని పొద్దున కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ పూసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఆ నీళ్లు మోసేది, కాచేది, ఉతికేది ఎవరు? ఆ రోజు కూలి పోయేది ఎవరికి? చీటీ మీద ఒక్క ట్యూబు రాసి పంపితే ఆరుగురున్న ఇంట్లో అది ఎవరికి చాలుతుంది? శుభ్రత అనే మాటలో దాగి ఉన్న స్త్రీల చాకిరీని వైద్యం లెక్కలోకి తీసుకోదు.

కరాచీ మురికివాడల్లో జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. కుటుంబాలకు ఉచితంగా సబ్బులిచ్చి, చేతులు కడుక్కోవడం ప్రోత్సహిస్తే పిల్లల్లో చీము కురుపులు నూటికి 34 వంతులు తగ్గాయి. మామూలు సబ్బు, బాక్టీరియాని చంపుతుందని చెప్పే ఖరీదైన సబ్బు రెండూ ఒకేలా పనిచేశాయి. ఫిజీలో 2012లో మొదలైన పరీక్షలో ఒక సముదాయం మొత్తానికి గజ్జి మందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. ఏడాదిలో గజ్జి నూటికి 94 వంతులు, చీము కురుపులు 67 వంతులు తగ్గాయి. సబ్బు, నీళ్లు అందినచోట, ఊరంతటికీ ఒకేసారి మందు ఇచ్చినచోట కురుపులు తగ్గాయి. తల్లుల్ని తిట్టడం వల్ల ఎక్కడా తగ్గలేదు.

మన ఆడపిల్లల హాస్టళ్లకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. ఇరుకు గది, ఒకే దుప్పటి కింద ఇద్దరు ముగ్గురు, అరకొర నీళ్లు ఉన్నచోట గజ్జి రాక తప్పదు. వచ్చిన పిల్లని ఇంటికి పంపేయడం వైద్యం కాదు. అలా వెళ్లిన ఆడపిల్ల తిరిగి బడికి వస్తుందన్న నమ్మకం ఎక్కడుంది? గదిలో ఒక్కరికి వస్తే అందరికీ ఒకే రోజు మందు పడాలి.

వైద్య గ్రంథాలు ఈ జబ్బు మగపిల్లల్లో దాదాపు రెట్టింపు కనిపిస్తుందని రాస్తాయి. చాలా దేశాల లెక్కలూ అలాగే ఉన్నాయి. అయితే మన ఆస్పత్రుల లెక్క చదివేటప్పుడు మనం ఇంకొకటి కూడా అడగాలి: మొహం ఉబ్బిన ఆడపిల్లని ఎన్నో రోజున ఆస్పత్రికి తెస్తున్నాం?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. చూడాల్సిన జబ్బుల జాబితాలో చర్మవ్యాధులూ ఉన్నాయి. మీ ఊరికి బృందం వచ్చిందా, పిల్లల చేతివేళ్ల సందులు చూసిందా అని అడగండి. ఆరోగ్య కేంద్రంలో బెంజాథిన్ పెన్సిలిన్, పర్మెత్రిన్ నిల్వ ఉన్నాయో లేదో రాసుకోండి. పిల్లల చేతికి సరిపోయే బీపీ పట్టీ ఉందా, మూత్ర పరీక్ష చేస్తున్నారా చూడండి. హాస్టల్లో ఒక్కో పిల్లకి రోజుకి ఎన్ని నీళ్లు, నెలకి ఎన్ని సబ్బులు అందుతున్నాయో పిల్లల్నే అడిగి లెక్క రాయండి. ఆ లెక్కతోనే అధికారుల దగ్గరికి వెళదాం. కురుపులు మానిన నెల రోజుల్లో పిల్ల మొహం ఉబ్బినా, మూత్రం రంగు మారినా ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలని ప్రతి తల్లికీ చెప్పండి.

సూది కోసం పోరాడదాం. దాంతోపాటు నీళ్ల కోసం కూడా పోరాడదాం. మనకి రెండూ కావాలి.