విడవని జ్వరం, ఎడమ డొక్కలో నొప్పి: ప్లీహంలో చీముగడ్డ గురించి నాలుగు మాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. ఇంటర్ పాసై ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి, సుబేదార్‌గా రిటైర్ అయినవాణ్ణి. వార్డుల్లో డాక్టర్ల పక్కన నిలబడి చూసిందీ, నేర్చుకున్నదీ చెప్తాను. మందు రాయడం నా పని కాదు. ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలో చెప్పడం వరకే నా పని.

మన పల్లెల్లో "కడుపులో బల్ల పెరిగింది" అంటారు చూడండి, ఆ బల్లే ప్లీహం. పల్టన్లో మనం తిల్లీ అని విన్నాం. ఎడమ పక్కన, 9 నుంచి 11వ పక్కటెముకల చాటున, పిడికిలంత ఉంటుంది. బరువు సుమారు 150 గ్రాములు. ముసలివైపోయిన ఎర్ర కణాలను ఏరేయడం, రక్తంలో కొట్టుకొచ్చే క్రిములను పట్టుకోవడం దాని డ్యూటీ. ఒక రకంగా రక్తానికి చెక్‌పోస్టు. ఆ చెక్‌పోస్టులోనే శత్రువు మకాం వేస్తే చీముగడ్డ అవుతుంది.

ఇది అరుదైన జబ్బు. అందుకే ఎవరికీ ముందుగా తట్టదు. గుర్తించకుండా వదిలేస్తే మాత్రం గడ్డ పగిలి చీము పొట్టంతా పాకుతుంది, లేదా రక్తం విషమైపోతుంది. ప్రాణం దక్కడం చాలా కష్టం.

ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువసార్లు వేరేచోట ఉన్న క్రిములు రక్తంలో వచ్చి చేరతాయి. గుండె కవాటాలకు పట్టిన ఇన్ఫెక్షన్, టైఫాయిడ్, క్షయ ఇలాంటివి. కిందపడి డొక్కలో దెబ్బ తగిలి ప్లీహంలో రక్తం గడ్డకడితే, అది తర్వాత చీము పట్టవచ్చు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకీ, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకీ, ముఖ్యంగా షుగరు అదుపులో లేనివాళ్ళకీ ప్రమాదం ఎక్కువ.

రిటైరై ఊళ్ళో వ్యవసాయం చేసుకునేవాళ్ళు ఇంకో పేరు గుర్తుపెట్టుకోవాలి. మెలియాయిడోసిస్. దీని క్రిమి తడి మట్టిలో, బురద నీళ్ళలో ఉంటుంది. 1912లో దీన్ని మొదటిసారి లోకానికి తెలియజేసినది రంగూన్‌లో పనిచేసిన విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు. వియత్నాం యుద్ధంలో అమెరికా సిపాయిలకూ ఇది సోకింది. మన దేశంలో కర్ణాటక, తమిళనాడు, ఆంధ్ర లాంటి చోట్ల వానాకాలంలో కనిపిస్తుంది. ఊపిరితిత్తులకు పడితే క్షయలాగా ఉంటుంది, ప్లీహానికి పడితే ఒకటికి నాలుగు గడ్డలు వేస్తుంది. షుగరు ఉండి, కాలికి పుండు ఉండి, ఉత్తకాళ్ళతో పొలంలో దిగకండి. మనకు గమ్ బూట్లు కొత్తేమీ కాదు గదా.

నాకు తెలిసిన ఒక హవల్దార్ సంగతి చెప్తాను. పేరు వద్దు. షుగరు మనిషి, వరి పండిస్తాడు. మూడు వారాలు జ్వరం, సాయంత్రం చలి. మలేరియా పరీక్షలో ఏమీ లేదు. విడాల్ చూసి టైఫాయిడ్ అని ఊళ్ళో సూదులు వేశారు. రెండు రోజులు తగ్గడం, మళ్ళీ రావడం. ఎడమ డొక్కలో సలుపు, ఊపిరి గట్టిగా పీలిస్తే ఎడమ భుజం దాకా పోటు. "ఎందుకయ్యా చెప్పలేదు?" అంటే "ఈమాత్రం నొప్పికి సిక్ రిపోర్ట్ ఎందుకు సార్?" అన్నాడు. ఫౌజీ బుద్ధి అది. పరేడ్ గ్రౌండ్‌లో గొప్పగా ఉంటుంది గానీ, ఒంట్లో చీముంటే పనికిరాదు. చివరికి భార్య బలవంతం మీద వచ్చాడు. స్కాన్ తీస్తే ప్లీహంలో నిమ్మకాయంత గడ్డ. ట్యూబు వేసి చీము తీశారు, ప్లీహం నిలిచింది, మనిషీ నిలిచాడు. ఆ అమ్మకి మనమందరం సెల్యూట్ కొట్టాలి.

గుర్తుపట్టేది ఎలా? జ్వరం, ఎడమ డొక్కలో నొప్పి, ప్లీహం వాపు. పుస్తకంలో ఈ మూడూ రాసి ఉంటాయి. కానీ మూడూ కలిసి కనిపించేది కొందరిలోనే. ఒక్కోసారి ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింద నీరు మాత్రమే కనపడుతుంది. కాబట్టి వారం దాటినా జ్వరం పోకపోతే పొట్ట స్కాన్ గురించి డాక్టరుగారిని అడగండి. మామూలు అల్ట్రాసౌండ్‌లోనే చాలావరకు తెలుస్తుంది. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ ఇంకా కచ్చితం. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు తీయాలి. ఇంట్లో మిగిలిన మాత్రలు ముందే మింగేస్తే కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే మందు గురి లేని తుపాకీ. గుండెలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడ్డానికి ఎకో పరీక్ష కూడా చేస్తారు.

వైద్యం మూడు రకాలు. మొదటిది నరంలోకి ఎక్కించే యాంటీబయాటిక్స్. వారాల తరబడి పడుతుంది. మెలియాయిడోసిస్ అయితే కనీసం రెండు వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాత మూడు నెలల పాటు మాత్రలు. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. రెండోది, గడ్డ ఒకటో రెండో ఉండి చీము పల్చగా ఉంటే, స్కాన్‌లో చూస్తూ సన్నని ట్యూబు దించి చీము బయటికి తీస్తారు. మూడోది ఆపరేషన్. గడ్డలు చాలా ఉన్నా, పగిలినా, ట్యూబుతో లొంగకపోయినా ప్లీహాన్నే తీసేస్తారు. ఏది ఎవరికి అన్నది సర్జన్ నిర్ణయం.

ప్లీహం తీసేశారని భయపడక్కర్లేదు, అది లేకుండా బతకొచ్చు. కానీ చెక్‌పోస్టు ఎత్తేసినట్టే. కొన్ని క్రిములు గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే న్యూమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలు వేయించుకోవాలి. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే రెండు వారాల ముందు, అత్యవసరంగా చేస్తే సాధారణంగా రెండు వారాల తర్వాత. ఏటా ఫ్లూ టీకా కూడా. "నాకు ప్లీహం లేదు" అని రాసిన కాగితం జేబులో ఉండాలి. జ్వరం వచ్చిందా, అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికే. కుక్క కరిచినా ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ జాగ్రత్త జీవితాంతం.

2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ మనకోసమే ఉంది. పాలిక్లినిక్‌కి బీపీ మాత్రల కోసమే కాదు, విడవని జ్వరం వచ్చినప్పుడు కూడా వెళ్ళండి. ఎన్ని రోజుల నుంచి జ్వరం, ఎక్కడ నొప్పి, ఏ మందులు వాడారు, షుగరు ఎంత, ఈ నాలుగూ చీటీ మీద రాసుకుని వెళ్ళండి.

అక్కచెల్లెళ్ళారా, మీకు ఒక మనవి. మీ ఇంటి ఫౌజీ నొప్పి చెప్పడు. మీరే కనిపెట్టాలి, మీరే తీసుకెళ్ళాలి.  జై హింద్.