లేజర్ గొట్టానికి ఇంట్లో హై వోల్టేజి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరి మనవలు ఇంజనీరింగు చదువుతున్నారు. పాత బార్‌కోడ్ యంత్రంలోంచి తీసిన హీలియం-నియాన్ లేజర్ గొట్టం ఒకటి సంపాదించి, దానికి సప్లయి ఇంట్లోనే కడతామంటారు. "తాతయ్యా, నువ్వు కరెంటు డిపార్టుమెంటులో చేశావు కదా, చెప్పు" అని మన దగ్గరికే వస్తారు. కాదనకండి. అలాగని ఊరికే తల ఊపకండి.

ఈ గొట్టం నిన్న మొన్నటిది కాదు. 1960 డిసెంబరులో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో అలీ జవాన్, బెనెట్, హెరియట్ అనేవారు మొదటిది పనిచేయించారు. దాని కిరణం కంటికి కనబడదు. మనం చూసే ఎర్ర కిరణం 1962లో వచ్చింది. చిన్న బ్యాటరీల మీద వెలిగే లేజర్ కలం బజార్లో దొరుకుతుంటే ఇదెందుకని ఇంట్లో ఆడవాళ్లు అడుగుతారు. హోలోగ్రామ్ తీయాలంటే మాత్రం ఈ నిలకడైన కాంతికి పెట్టింది పేరు.

ట్యూబ్‌లైటు తెలిసినవారికి దీని సంగతి సగం తెలిసినట్టే. స్టార్టరు విడిపోగానే చోక్ ఒక్క తన్ను తన్నుతుంది; వెలిగాక అదే చోక్ కరెంటుకు కళ్లెం వేస్తుంది. ఇక్కడా అంతే. ఒక మిల్లీవాట్ గొట్టం వెలగడానికి సుమారు 7,000, 8,000 వోల్టులు కావాలి. వెలిగాక 1,200, 1,300 వోల్టులు, 5 మిల్లీ ఆంపియర్లు చాలు. ఆ మొదటి తన్నుకు డయోడ్లు, చిన్న కెపాసిటర్లు నిచ్చెన మెట్లలా పేరుస్తారు. 1932లో కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ లిథియం పరమాణు కేంద్రకాన్ని చీల్చింది ఇలాంటి నిచ్చెనతోనే. కళ్లెం పని 75 కిలో ఓమ్‌ల రెసిస్టరుది. దాన్ని ఆనోడుకు దగ్గరగా పెట్టాలి. ప్లస్ మైనస్ తారుమారైతే గొట్టం పాడవుతుంది.

ఇక అసలు విషయం. 5 మిల్లీ ఆంపియర్లే కదా అనుకోవద్దు. ఫిల్టరు కెపాసిటర్లు మొత్తం 10 మైక్రోఫారడ్లయితే, 1,500 వోల్టుల దగ్గర 11 జౌళ్ల శక్తి వాటిలో నిలవ ఉంటుంది. అది ప్రాణం మీదికి తెచ్చేంతటిది. స్విచ్ ఆపినంత మాత్రాన పోదు. దాన్ని దించడానికి 1 మెగ్ ఓమ్ రెసిస్టర్లు పది వరుసగా కట్టాలి. ఒక్కటే పెద్ద విలువది పెడితే అంత వోల్టేజికి ఆగకపోవచ్చు. పది ఉన్నా, ఛార్జి 10 వోల్టులకు దిగడానికి ఎనిమిది నిమిషాలు పైనే పడుతుంది. ఆ పదింటిలో ఒక్కటి తెగినా ఛార్జి అలాగే కూర్చుంటుంది. మనం ఎల్.సి. తీసుకున్నా ఎర్త్ వేయకుండా లైను ముట్టుకున్నామా? ఇదీ అంతే. పొడవాటి ఇన్సులేటెడ్ పిడి ఉన్న రాడ్డుతో, మొదట రెసిస్టరు ద్వారా, తర్వాత నేరుగా షార్ట్ చేసి, మీటరుతో చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టాలి.

పాడైన మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మరు వాడదామంటారు కొందరు కుర్రాళ్లు. 2,000 వోల్టుల దగ్గర వందల మిల్లీ ఆంపియర్లు ఇస్తుందది. మనిషికి రెండో అవకాశం ఇవ్వదు. దాన్ని గడప దాటనివ్వకండి. నన్నడిగితే, సీలు చేసిన రెడీమేడ్ సప్లయి కొనిపెట్టి, మిగతాదంతా పిల్లవాడి చేత కట్టించడమే మేలు. కడతానని పట్టుబడితే ఒంటరిగా వదలకుండా పక్కన కుర్చీ వేసుకు కూర్చోండి. కిరణంలోకి సూటిగా చూడనివ్వకండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో అమ్మమ్మకూ చూపించి ఉంచండి. సెలవు.