డిలీట్ అయిన ఫైళ్లు వెనక్కి వస్తాయా? రికవరీ సాఫ్ట్‌వేర్ పట్టుకునే ముందు...

డిలీట్ అయిపోయిన ఫైళ్లని రికవర్ చేసుకోవడం గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. చాలామంది నన్ను "ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్ అండీ?" అని అడుగుతుంటారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఫైల్ పోయాక ఆ డ్రైవ్‌ని మీరు ఏం చేశారు అన్నదే మొదటి ప్రశ్న.

షిఫ్ట్ డిలీట్ కొట్టినా, రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా మామూలు హార్డ్ డిస్క్‌లో డేటా వెంటనే చెరిగిపోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒక పట్టిక ఉంటుంది. ఆ ఫైల్ ఎంట్రీ ఇక వాడకంలో లేదని విండోస్ అందులో గుర్తు పెడుతుంది, అంతే. ఇంటికి టు-లెట్ బోర్డు పెట్టారు గానీ పాత సామాను ఇంకా లోపలే ఉందనుకోండి. కొత్తవాళ్లు దిగేదాకా ఆ సామాను భద్రం.

అందుకే ఫైల్ పోయిన డ్రైవ్‌లోనే రికవరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయకండి. ఏ ఫైల్ కోసమైతే వెతుకుతున్నారో సరిగ్గా దాని మీదే ఆ సాఫ్ట్‌వేర్ వెళ్లి కూర్చోవచ్చు. సి డ్రైవ్‌లో పోయిందా? కంప్యూటర్ ఆపేయండి. బ్రౌజర్ తెరిచినా చాలు, టెంపరరీ ఫైళ్లు రాసేస్తూనే ఉంటుంది. ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి స్కాన్ చేయడం మంచిది. దొరికిన ఫైళ్లు కూడా వేరే డ్రైవ్‌లోనే సేవ్ చేయాలి.

ఈ మధ్య తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకాయన పెళ్లి ఫొటోలున్న మెమరీ కార్డ్ తెచ్చారు. కాపీ చేయకముందే కెమెరాలో ఫార్మాట్ అయిపోయింది. దాని మీద మరో ఫంక్షన్ ఫొటోలు కొన్ని తీశాక గానీ చూసుకోలేదట. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రన్ చేశాను. ఇది ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోదు. జేపెగ్ ఫైల్ ఎలా మొదలవుతుందో దానికి తెలుసు, ఆ గుర్తుల కోసం కార్డంతా వెతుకుతుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ వచ్చాయి. పెళ్లికూతురు గౌరీపూజ మాత్రం రాలేదు. ఫార్మాట్ అయిన కార్డ్‌లో కొత్త ఫొటోలు సాధారణంగా మొదటి నుంచే రాయబడతాయి, గౌరీపూజ మొదట తీసింది. ఆ ఫొటోలని ఇక ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. వచ్చినవాటికి కూడా పాత పేర్లు ఉండవు, నంబర్లే. ఏది ఏ తంతుదో కూర్చుని ఏరుకోవాల్సిందే.

మామూలుగా పొరపాటున డిలీట్ అయిన ఫైళ్లకి రెక్యువా సరిపోతుంది. మౌస్‌తో నడిచిపోతుంది, పోర్టబుల్ వెర్షన్ పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. అందులో ఫైల్ పక్కన పచ్చ చుక్క ఉంటే ఆశ ఉన్నట్టు, ఎర్ర చుక్క ఉంటే దాదాపు వదులుకోవాల్సిందే. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో విండోస్ ఫైల్ రికవరీ అని ఒకటి ఇచ్చింది. కాకపోతే కమాండ్లు టైప్ చేయాలి, కొత్తవాళ్లకి కాస్త విసుగే. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లు చాలావరకు స్కాన్ ఉచితంగా చేసి, సేవ్ చేసేటప్పుడు డబ్బు అడుగుతాయి. ప్రివ్యూలో ఫొటో పూర్తిగా తెరుచుకుంటేనే కట్టండి, పేరు కనబడింది కదా అని కట్టకండి. క్రాక్ వెర్షన్ల జోలికి మాత్రం పోవద్దు, ఉన్న ఫైళ్లకి కూడా ఎసరు పెడతాయి.

ఇక ఎస్‌ఎస్‌డీ. ఇక్కడ కథ వేరు. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే సదుపాయం ఉంది. ఫైల్ డిలీట్ కాగానే "ఈ చోటు ఇక అక్కర్లేదు" అని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది, అది తీరిక చూసుకుని నిజంగానే ఖాళీ చేసేస్తుంది. టు-లెట్ బోర్డుతో పాటే సామాను బయట పడేసినట్టు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌ఎస్‌డీలే కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన చిట్కాలు వాటి మీద పనిచేయకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. ముందు వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, వాట్సప్‌లో ఎవరికైనా పంపిన కాపీ, మెయిల్ అటాచ్‌మెంట్ వెతకండి.

హార్డ్ డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పెట్టకండి. అది లోపలి భాగాలు పాడైన లక్షణం, స్కాన్ చేసేకొద్దీ ఇంకా పాడవుతుంది. కరెంట్ తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కి తీసుకెళ్లండి. ఖర్చు ఎక్కువే, కానీ ఇంట్లో స్క్రూలు విప్పి చూసిన డిస్క్‌ని తీసుకెళితే వాళ్ల పని కూడా కష్టమే.