సగటులను పోల్చే ముందు

 

సగటు అనే మాట ప్రాథమిక తరగతులలోనే పరిచయమవుతుంది. అన్నింటినీ కూడి, ఎన్ని ఉన్నవో అంతతో భాగిస్తే చాలు. లెక్క సులభమే. అయితే రెండు సమూహాల సగటులను పక్కపక్కన నిలిపి, ఇది మేలు, అది కీడు అని తీర్పు చెప్పడం అంత సులభం కాదు. ఆ తీర్పుకు గణాంకశాస్త్రం కొన్ని నియమాలు విధించింది.

డబ్లిన్ నగరంలోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గాసెట్, చిన్న ప్రతిరూపాల సగటును పరీక్షించే పద్ధతిని 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రకటించాడు. ఆర్.ఎ. ఫిషర్ దానిని రెండు సమూహాల పోలికకు విస్తరించాడు. నేటికీ కళాశాలలలో బోధించే టి-పరీక్ష అదే. అది మూడు షరతులపై నిలుస్తుంది. విలువలు సగటుకు ఇరువైపులా గంట ఆకారంలో సర్దుకొని ఉండాలి. రెండు సమూహాలలోను విలువల చెదురు, అనగా విస్తృతి, సమానంగా ఉండాలి. ప్రతి కొలత తక్కినవాటితో సంబంధం లేక స్వతంత్రంగా ఉండాలి. ఈ షరతులు తప్పినప్పుడు ఏమి చేయాలన్నదే ఇక్కడి విచారణ.

దానికి కామసముద్రం ప్రాంతపు నీటికన్న తగిన ఉదాహరణ లేదు. కోలారు జీవనది లేని జిల్లా. చెరువులు ఎండిన కొద్దీ బోరుబావులు లోతుకు దిగాయి. జిల్లాలోని అనేక గ్రామాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు అధికమైంది. తెలుగువారికి ఈ పీడ కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి నమోదు చేసినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చు.

లెక్క కోసం రెండు ఊళ్ళను ఊహించుకొనవచ్చు. తూర్పు ఊరి ఆరు బోరుబావులలో ఫ్లోరైడు 0.6, 0.7, 0.8, 0.9, 1.0, 5.0, పడమటి ఊరి ఆరింటిలో 1.1, 1.2, 1.3, 1.4, 1.6, 1.8. తూర్పు ఊరి సగటు 1.5, పడమటి ఊరిది 1.4. సగటును నమ్మితే తూర్పు ఊరి నీరే కొంచెం చెడ్డది. కాని అక్కడి ఆరు బావులలో ఐదు పడమటి ఊరి ప్రతి బావికన్న మేలైనవి! ఒక్క బావి సగటును తనవైపు లాగివేసింది.

టి-పరీక్ష ఇక్కడ ఏమీ తేల్చలేదు. సగటుల తేడా 0.1 కాగా, ఆ తేడాకు గల ప్రామాణిక దోషం సుమారు 0.7. విస్తృతులు అసమానమైనప్పుడు వాడదగిన పద్ధతిని వెల్చ్ 1938లోను, 1947లోను రూపొందించాడు. చిన్న సమూహంలో చెదురు ఎక్కువైనప్పుడు పాత పరీక్ష లేని తేడాను ఉన్నదని తరచు చెబుతుంది. వెల్చ్ పద్ధతి ఆ ప్రమాదాన్ని చాలావరకు తగ్గిస్తుంది. అయితే ఒక్క బావి సగటును లాగే గుణాన్ని అదీ మాన్పలేదు.

అందుకు మరొక మార్గమున్నది. విలువలను వదలి వరుస స్థానాలను మాత్రమే చూడడం. 1945లో విల్కాక్సన్, 1947లో మాన్, విట్నీ దీనిని స్థిరపరచారు. పన్నెండు బావులను తక్కువ నుండి ఎక్కువకు వరుసగా నిలిపితే తూర్పు ఊరికి 1, 2, 3, 4, 5, 12 స్థానాలు, మొత్తం 27. పడమటి ఊరికి 51. పన్నెండింటిలో ఆరింటిని ఎన్నుకొనే విధాలు 924. ఊళ్ళ మధ్య నిజంగా భేదమే లేకున్నా, ఇంతటి లేదా ఇంతకు మించిన ఎడం ఏదో ఒక ప్రక్కకు రాగల విధాలు 60. అనగా నూటికి ఆరున్నర. ఇది అనుమానించడానికి చాలును; తీర్పుకు చాలదు. మరికొన్ని బావులను పరీక్షించడమే వివేకం.

అంతటితో పని తీరలేదు. వరుస స్థానాల లెక్కలో 5.0 ఉన్నా, 1.9 ఉన్నా దాని స్థానం పన్నెండే. ఆ బావి నీరు త్రాగే బిడ్డకు మాత్రం రెండూ ఒకటి కావు. ఎవరూ ఊరి సగటు నీరు త్రాగరు. తమ బావి నీరే త్రాగుతారు. పళ్ళపై మచ్చలు పడేదీ, ఎముకలు వంగేదీ ఆ నీటివల్లనే. కనుక త్రాగునీటి విషయంలో ఊళ్ళను పోల్చడానికి ముందు హద్దు దాటిన ప్రతి బావినీ వేరుగా గుర్తించాలి.

ఇక ప్రక్కనే ఉన్న బంగారు గనులను చూస్తే న్యాయం తలక్రిందులవుతుంది. 1880లో జాన్ టేలర్ సంస్థ ప్రవేశంతో విస్తరించి, 2001 ఫిబ్రవరి 28న మూతపడిన ఆ గనులలో బంగారం స్ఫటికశిలల పొరలలో ఉండేది. అటువంటి ఖనిజంలో అధిక నమూనాలు పేదవి; కొన్ని మాత్రమే మిక్కిలి సంపన్నమైనవి. దక్షిణాఫ్రికా గనులపై 1951లో క్రిగే చేసిన పరిశోధనలో ఇటువంటి విలువలకు సంవర్గమానాలు తీసుకొని లెక్కించాడు. అలా చేస్తే గంట ఆకారం దగ్గరపడుతుంది. అయితే అప్పుడు పోల్చేది గుణమధ్యమాన్ని. టన్నుకు 2, 8, 32 గ్రాములున్న మూడు నమూనాల గుణమధ్యమం 8, సగటు 14. గనిలో ఎంత బంగారమున్నదో తెలియడానికి కావలసినది సగటే. అక్కడ సంపన్నమైన నమూనాను ‘వింత విలువ’ అని త్రోసివేస్తే బంగారాన్నే త్రోసివేసినట్లు.

మూడవ షరతు తప్పితే ఏ సూత్రమూ సులభంగా కాపాడదు. ఒకే బావి నీటిని ఆరు సీసాలలో పట్టినంత మాత్రాన ఆరు బావులు కావు. ఒకే ఉపాధ్యాయుని వద్ద చదివిన నలభై మంది మార్కులు, బోధన పద్ధతికి నలభై వేరు వేరు సాక్ష్యాలు కావు.

విద్యార్థులు గ్రహించవలసినది ఒక్కటే. షరతు తప్పినప్పుడు మొదట వెదకవలసినది మరొక పరీక్ష పేరును కాదు, అడిగిన ప్రశ్నను. మొత్తం కావాలంటే సగటు, సాధారణ స్థితి తెలియాలంటే వరుస, ప్రాణరక్షణ కోరితే ఒక్కొక్క విలువ. ఈ విచక్షణకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక కాగితం మీద పన్నెండు చుక్కలు పెట్టి చూచే ఓపిక చాలు. ఆ ఓపిక ఉన్నవారి కంటికే పన్నెండవ చుక్క, దాని వెనుక దాహంతో బిందె పట్టుకొని నిలిచిన మనిషి కనబడతారు.