బడికి అజమాయిషీ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున నన్ను కావ్యములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే కూర్చుండి, గురువు లేకయే భారత భాగవతములను చదువుకొన్నవాడను గనుక అది న్యాయమైన కోరికయే. కాని క్రిందటి మాసమున జరిగిన యొక ముచ్చట నా మనస్సును వేరు దారి పట్టించినది. ఊరిలో నలుగురు కూడి, సర్కారు మాధ్యమిక పాఠశాల మంచిదా చెడ్డదా, పిల్లలను అందుంచవలెనా లేక తెల్లవారగనే వ్యానెక్కించి పట్టణమునకు పంపవలెనా యని తగవులాడిరి. మధ్యవర్తిగా నన్ను పిలిచిరి. నేను తీర్పు చెప్పలేకపోతిని. బడి మంచిదనుటకు ఏమి చూడవలెనో వారిలో నొక్కరును చెప్పలేదు. నాకును అప్పటికి తెలియదు. ఆనాడు చెప్పలేని మాటను ఈనాడు చెప్పుటకు అనుమతి వేడుచున్నాను.

నా వృత్తి ఊరి లెక్కలు వ్రాయుట. ఈ ఉద్యోగమునకు 1984లో పట్వారీ పదవి రద్దుతో ఒకమారు, 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవుల రద్దుతో మరియొకమారు ప్రభుత్వము స్వస్తి చెప్పినది. అయినను ఊరివారు నన్ను పట్వారీ యనియే పిలుచుచున్నారు. నోటికి పట్టిన పేరును ఏ చట్టము రద్దుచేయగలదు? మా తండ్రిగారు నాకు నేర్పిన మొదటి పాఠ మొకటి కలదు. పహాణీలో జొన్న యని వ్రాసియున్నంత మాత్రమున చేనులో జొన్న యుండదు. కాలినడకన పోయి గట్టుమీద నిలిచి చూడవలెను. దానినే అజమాయిషీ యందురు. ఇంటిలో కూర్చుండి వ్రాసిన పహాణీ అబద్ధమని ఆయన మతము. బడి విషయమునను నే నిదే చెప్పబోవుచున్నాను.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకొందును. నా పెద్దకుమారుడు ఐదవ తరగతి ముగించినపుడు నేను వానిని ఒక పట్టణములోని ప్రైవేటు బడికి పంపితిని. పేరు చెప్పను, దోషము నాది. గోడమీద పదవ తరగతిలో పేరుపొందిన పిల్లల చిత్రపటములు చూచితిని. మెడలో టై చూచితిని. అంతియే. ఆ పటములలోని పిల్లలు ఆ బడికి వచ్చునప్పటికే ఎంత చదువుకొనియుండిరో నేనడుగలేదు. ప్రారంభ నిల్వ చూడక ముగింపు నిల్వ మాత్రమే చూచి లాభమని వ్రాసికొన్న గుమాస్తాను నేను! రెండేండ్ల పిమ్మట వానిని నూటికి రెండు రూపాయల వడ్డీచొప్పున ఎనిమిది నెలలకెంత యని అడిగితిని. సూత్రమును ఇంగ్లీషున తప్పులేక వల్లించినాడు. లెక్క మాత్రము రాలేదు. లెక్కలు వ్రాసి బ్రదుకువాని కొడుకు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాధ్యమిక పాఠశాల కొక దురదృష్టము కలదు. ఒకటవ తరగతిలో అక్షరములు వచ్చినవా యని తల్లి చూచును. పదవ తరగతి ఫలితములను పత్రికలు ప్రకటించును. నడుమనున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను చూచువాడు లేడు. మా కాలమున ఏడవ తరగతి చివర జిల్లా ఉమ్మడి పరీక్ష యుండెడిది. దానికి భయపడి చదివెడివారము. అది పోయినది. 2009 విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చి ఎనిమిదవ తరగతివరకు పిల్లల నాపరాదన్నది; 2019లో దానిని సవరించి, ఐదు, ఎనిమిది తరగతులలో ఆపుట ఆపకుండుట రాష్ట్రముల యిష్టమునకు విడిచిరి. పిల్లవాని నాపినంత మాత్రమున వానికి చదువు రాదు గనుక ఆ వాదములోనికి నేను పోను. కాని పరీక్ష లేని చోట ఊరి చూపు ఉండవలెను. అదియును లేకపోయినది.

మరి పరీక్ష పెట్టి, దాని ఫలితముతోనే బడిని తూచరాదా యని అడుగువారు కలరు. ఆ ముచ్చట ఇంగ్లండు దేశమున జరిగియే పోయినది. 1862లో రాబర్టు లో అను మంత్రి, ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవానికి చదువు, వ్రాత, లెక్క పరీక్షింపవలెననియు, నెగ్గినవారిని బట్టియే బడికి ధనమీయవలెననియు నియమము చేసెను. ఫలితమేమి? పిల్లలు పాఠ్యపుస్తకమును కంఠస్థము చేసిరి. పుటలోని అక్షరములు తెలియకయే పుట యంతయు అప్పగించువారు బయలుదేరిరి. కవియు, బడుల ఇన్‌స్పెక్టరునైన మాథ్యూ ఆర్నాల్డు ఇది చదువు కాదు, యంత్రము తిరుగుటయని తన నివేదికలలో మొరపెట్టెను. 1890 తరువాత క్రమముగా ఆ పద్ధతిని విడిచిరి. మద్రాసు రాజధానిలోను అట్టి ఫలితపు గ్రాంటులు కొంతకాలము సాగినవి. పరీక్షయే పంట యైనపుడు రైతు చేనుకు నీరు పెట్టడు, పహాణీకి పెట్టును.

భారతమున ఆదిపర్వములో ద్రోణుని పరీక్ష మీ రందరు విన్నదే. కొమ్మపై కృత్రిమ పక్షి నుంచి, ఏమేమి కనబడుచున్నదని గురువడిగెను. ధర్మరాజు చెట్టును, తమ్ములను, గురువును, పక్షిని చూచుచున్నాననెను; తప్పుకొమ్మనిరి. అర్జునునకు పక్షి తల తప్ప వేరేమియు కనబడలేదు, గెలిచెను. విలుకానికి అది తగును. బడిని చూడవచ్చినవానికి మాత్రము ధర్మరాజు చూపే కావలెను. చెట్టు కనబడవలెను, కొమ్మ కనబడవలెను, వెనుకబడి నిలిచిన తమ్ములు కనబడవలెను. ఆ ద్రోణుని బడినే మన లెక్కతో చూతము. అర్జునుని చూచినచో అంతకు మించిన బడి లేదు. నూటయైదుగురు రాజకుమారులలో తక్కినవారి సంగతి యెవ్వరడిగిరి? రంగస్థలమున నైపుణ్య ప్రదర్శన జరిగినపుడు కర్ణుని విద్య కంటె ముందు వాని కులమునడిగిరి. ఏకలవ్యుని పేరు ఆ బడి హాజరుపట్టీలోనే లేదు. వార్షికోత్సవమునకు పోయి బడిని మెచ్చుకొని వచ్చువారు ఈ ఇరువురిని తలంచుకొనవలెను.

ఇక మన సీమకు వత్తము. క్రిందటి ప్రత్తి కాలమున ఏడవ తరగతి చదువు పిల్ల యొకతె నాయొద్దకు పరుగెత్తి వచ్చినది. చేతిలో తక్‌పట్టీ. తండ్రి 11 క్వింటాళ్ళ 40 కిలోల ప్రత్తి అమ్మినాడు. "పట్వారి తాతా, కాంటా కాడనే తరుగు తీసిండ్లు. మల్ల కింద పైసలల్ల గూడ తీసిండ్లు. రెండుమాట్ల ఎందుకు తీస్తరు?" అన్నది. నేను కూడి చూచితిని. పిల్ల చెప్పినదే నిజము. వ్యాపారి పొరపాటని ఒప్పుకొని పైకమిచ్చినాడు. ఎవరు నేర్పిరే నీకు అని అడిగితిని. వాళ్ళ లెక్కల ఉపాధ్యాయుడు శాతముల పాఠమునకు తక్‌పట్టీలు, కరెంటు బిల్లులు తెమ్మనునట! ఆ ఉపాధ్యాయుని నేను అంతకుముందు చూచియుండలేదు.

ఆ వారముననే అదే బడిలో ఎనిమిదవ తరగతి దాటిన పిల్లవాడొకడు దరఖాస్తు పట్టుకొని వచ్చి, నింపిపెట్టుమనెను. నీవే వ్రాయుమంటిని. తలవంచుకొనెను. తన పేరు వ్రాయగలడు. ఊరు, మండలము, జిల్లా యను గడులు చదివి వేరుచేయలేడు. కాగితముమీద ఆ పిల్లయు ఈ పిల్లవాడును ఒకే బడివారు, ఇరువురును తరగతి దాటినవారే. బడి మంచిదందునా, చెడ్డదందునా? విచారించితిని. ఆ పిల్లవాని తల్లిదండ్రులు ఏటేట దసరా దాటగనే చెరకు నరుకుటకు పోవుదురు. ఉగాదికి మరలి వత్తురు. పిల్లవాడు వారి వెంట పోవును. చట్టము ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు ఏటికి 220 పనిదినములు, 1000 గంటల బోధన యుండవలెనన్నది. బడి 220 దినములు తెరిచియే యున్నది. వానికి అందులో సగమైనను దక్కలేదు. ఉగాదికి వాడు మరలి వచ్చి కడపటి బల్లమీద కూర్చుండినపుడు ఎవ్వరు ఏమిచేసిరి? అయ్యలారా, నా తూకపురాయి ఇదియే. తెలివిగల పిల్ల ఎక్కడనున్నను కొంత నేర్చుకొనును. మరలి వచ్చినవానికి బడి ఏమి చేయునో అదియే దాని యోగ్యత.

ప్రారంభ నిల్వయను మాట మన యీ సరిహద్దు సీమలో మరింత బరువైనది. సలాబత్‌పూర్ దాటినచో మహారాష్ట్రము. ఇటు పోయిన కన్నడసీమ. పొరుగుననున్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు 1956 వరకు నాందేడు జిల్లా దేగులూరు తాలూకాలోనివి. మా తండ్రిగారు నిజాము కాలమున ఉర్దూలో చదివి, ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ మాటలాడెడివారు. నేటికిని మన పిల్లలలో ఇంట మరాఠీ, కన్నడము, ఉర్దూ, లంబాడీ పలుకువారు కలరు. 2022–23 నుండి మన సర్కారు బడులలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టి, ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా పుస్తకములిచ్చిరి. ఇంట మరాఠీ పలుకు పిల్లకు ఆ రెండు పుటలును పరాయివే. ఆ పిల్ల ఏడాదిలో పదిమెట్లెక్కినచో, పుట్టుకతో ఇరువదవ మెట్టుమీద నిలిచి ఇరువదిరెండు కెక్కిన పిల్లకంటె తక్కువ యందుమా?

మరి చూచుట యెట్లు? ప్రథమ్ సంస్థవారు 2005నుండి దేశమంతట అసర్ అను సర్వే జరుపుచున్నారు. వారు బడికి పోయి పరీక్షింపరు, ఇంటింటికి పోవుదురు. కనుక బడి మానిన పిల్లయు లెక్కలోనికి వచ్చును. రెండవ తరగతి స్థాయి చిన్న కథ చదివింతురు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపుమందురు. మా తండ్రిగారు వినియుండినచో ఇది అసలైన అజమాయిషీ యనియుందురు. 2024లో దేశపు పల్లెలలో ఎనిమిదవ తరగతి పిల్లలలో ఆ భాగహారము చేయగలిగినవారు నూటికి సుమారు 46 మంది. ఇందు ప్రైవేటు బడుల పిల్లలును కలరు. టై కట్టినంతనే భాగహారము రాదు.

ఇక బడిలోపల. ఒక బడిలో తరగతి వెనుక కూర్చుండుటకు ప్రధానోపాధ్యాయుడు నాకు సెలవిచ్చెను. నేను అలవాటు చొప్పున గీతలు గీచుకొంటిని. ఒక గంటలో ఉపాధ్యాయుడు 27 ప్రశ్నలడిగెను. 19 ప్రశ్నలకు ముందు బల్లలోని నలుగురే ఉత్తరమిచ్చిరి. ఆయన చెడ్డవాడు కాడు. గొంతు పోవునట్లు చెప్పుచుండెను. ఆ గీతలు చూపగా ఆశ్చర్యపడి, మరునాటినుండి వెనుక బల్లవారినే ముందడిగెదననెను. వేరొక చోట పిల్లల నోటుపుస్తకములు తిరుగవేసితిని. తప్పు లెక్కకు సైతము ఎఱ్ఱసిరాతో సరి గుర్తు! తప్పుకు తప్పని వ్రాయని బడికి పాలరాతి గోడలున్నను నా పిల్లను పంపను.

ఉపాధ్యాయుల పక్షమునను ఒక మాట. చట్టప్రకారము ఈ తరగతులలో 35 మంది పిల్లలకొక ఉపాధ్యాయుడుండవలెను; గణిత విజ్ఞానములకు, సాంఘికమునకు, భాషలకు వేరువేరుగా ఒక్కొక్కరుండవలెను. లెక్కల ఉపాధ్యాయుడు బదిలీ యైపోయి ఆరునెలలు ఆ స్థానము ఖాళీగానున్నచో, ఆ ఫలితమును మిగిలినవారి ఖాతాలో వ్రాయుట అన్యాయము. ఎవరి బాకీ వారి పేరనే వ్రాయవలెను. మధ్యాహ్న భోజనమున ఈ వయస్సు పిల్లకు 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు నియమము. అది పాఠశాల బాకీ, వంటకు బిల్లు చెల్లింపనిచో ప్రభుత్వపు బాకీ. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీరు లేకుండుట ఎవరి బాకీయో నేను చెప్పనక్కరలేదు. పన్నెండు పదమూడేండ్ల పిల్ల బడి మానుటకు దానికి మించిన కారణము వెదకనక్కరలేదు. ఇట్టి వయస్సు ఆడపిల్లలు జారిపోవుచున్నారనియే 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు పెట్టిరి.

చివరి బాకీ మనది. బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సగము స్త్రీలుండవలెననియు అదే చట్టము చెప్పినది. అట్టి సమావేశములలో మన మెందరము పోయితిమి? నేనును సంతకము చేసి చాయ త్రాగి వచ్చినవాడనే.

కనుక తగవులాడిన నలుగురికి నేడు నా ఉత్తరము. నేనింకను తీర్పు చెప్పలేను. లెక్క కట్టలేదు గనుక. వచ్చు నెల మొదటి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుందును. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను తీసికొనిరండు; సర్కారు బడివారిని, వ్యానులో పోవువారిని, చెరకుకు పోయి వచ్చినవారిని, బడి మానినవారిని. ఒక కథ, ఒక భాగహారము, ఒక తక్‌పట్టీ. పిల్లల పేర్లు వ్రాయను, ఎవ్వరిని సిగ్గుపరుపను. అంకెలు మాత్రము వ్రాసి, దసరాకు ముందొకమారు, ఉగాది తరువాత నొకమారు మరల చూతము. ఉపాధ్యాయ మిత్రులు వచ్చినచో మరియు సంతోషము. కాగితములు, పెన్సిళ్ళు నేను తెచ్చెదను.