ఆడపిల్ల ఆట ఎందుకు మానాలి?

(గ్రామీణ మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నెలసరి గురించి పిల్లలకు ఎలా చెప్పాలో మాట్లాడమని నన్ను పిలిచారు. నా సంగతితోనే మొదలుపెడతాను. పన్నెండేళ్లప్పుడు నేను ఖోఖో బాగా ఆడేదాన్ని. ఆ వేసవిలో పెద్దమనిషినయ్యాను. చాప మీద కూచోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, పేరంటాళ్లు వచ్చి పాటలు పాడారు. నా శరీరంలో ఏం జరిగిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పదకొండు రోజుల తర్వాత ఆడుకోడానికి పరుగెత్తబోతే మా అమ్మమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఇంకా ఆటలేంటే, పెద్దదానివయ్యావుగా" అంది. ఆ మాటలో కోపం లేదు, ప్రేమే వుంది. కానీ నా ఆట ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇవాళ ఫ్లెక్సీలు కట్టి, మైకు పెట్టి మరీ వూరంతటికీ చాటుతున్నాం. ఎవరి గురించి చాటుతున్నామో ఆ పిల్లకు మాత్రం ఇప్పటికీ ఏమీ చెప్పడం లేదు.

మార్పు రాలేదని కాదు. 2018 జూలైలో శానిటరీ పాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 7 నుంచి 12వ తరగతి దాకా ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే ఆడపిల్లలకు నెలకు 10 పాడ్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15-24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవాళ్లు 2015-16లో 58 శాతం లోపు వుంటే, 2019-21 నాటికి 77 శాతం దాటారు. ఇదంతా సాధించుకున్నదే. అయినా 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని భుజ్‌లో ఒక కాలేజీ హాస్టల్లో, ఎవరు ముట్టులో వున్నారో చూడడానికి 60 మందికి పైగా అమ్మాయిల బట్టలు విప్పించారు. పాడ్ అందడం వేరు, గౌరవం అందడం వేరు.

అందుకే మేం కొన్నేళ్లుగా ఈ విషయాన్ని ఆటల ద్వారా చెబుతున్నాం. పిల్లలకు ఆటలంటే ఇష్టం గనక అని మాత్రమే కాదు. మొదటి నెలసరి ఆడపిల్ల నుంచి లాక్కునేది ఆటనే. ఏది పోగొట్టుకుంటుందో దానితోనే చెబితే, పోగొట్టుకోనక్కర్లేదని ఆమెకు వేరే చెప్పాల్సిన పనుండదు.

మొదటిది గర్భసంచి ఆట. పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. అది గర్భసంచి. మరో ఎనిమిదిమంది ఎర్రగుడ్డలు పట్టుకుని లోపలికొచ్చి గోడవారగా కూచుంటారు. లోపల నెలనెలా మందంగా పెరిగే పొర వాళ్లు. ఒకరు బంతి పట్టుకుని ముగ్గుతో గీసిన గీతల మధ్య నెమ్మదిగా నడిచొస్తారు. ఆ బంతి అండం. విడుదలయ్యాక అండం బతికేది ఒక్కరోజే. గర్భం రాకపోతే హార్మోన్లు తగ్గిపోతాయి. టీచరు చప్పట్లు కొట్టి ఆ సంగతి చెప్పగానే పొర పిల్లలు లేచి, ఒకచోట చేతులు విడిచి దారిస్తే బయటికి పరుగెడతారు. మళ్లీ మొదలు. ఆట అయ్యాక "ఇది చెడురక్తమా?" అని అడుగుతాం. "బిడ్డ కోసం పరిచిన పక్క కదా, చెడ్డదెట్లా అవుద్ది?" అన్నాడు అయిదో తరగతి పిల్లాడొకడు. నా ఉపన్యాసాలన్నీ కలిపినా అంత బాగా చెప్పలేదు.

రెండోది తొక్కుడుబిళ్ళ. నేల మీద 28 గడులు గీసి, మొదటి అయిదింటికి ఇటుకపొడి అద్దుతాం. ఒకసారి ఆడాక గడులు చెరిపి 24 గీస్తాం, తర్వాత 35. మొదలైన కొత్తలో 45 రోజుల దాకా తేడా వుండడం మామూలేనని అప్పుడు చెబుతాం. లేకపోతే 28 రానివాళ్లు తమకేదో జబ్బనుకుంటారు. మొత్తం పోయే రక్తం సాధారణంగా రెండు నుంచి అయిదు పెద్ద చెంచాలే. గంట, రెండు గంటలకే పాడ్ తడిసిపోతున్నా, వారం దాటినా ఆగకపోయినా డాక్టరుకు చూపించాలని కూడా ఇక్కడే చెబుతాం.

మూడోది ముట్టుకునే ఆట. మొదటిసారి దొంగ ముట్టుకున్నవాళ్లు వెళ్లి గోడ పక్కన ఒంటరిగా నిలబడాలి, వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. రెండోసారి నియమం మారుస్తాం. తోటివాళ్లు వచ్చి ముట్టుకుంటే విడుదలై మళ్లీ ఆడొచ్చు. ముట్టు, అంటు - మన భాషలో ఈ మాటలే తాకడం గురించినవి. "ఇళ్లల్లో ఎవర్ని ముట్టుకోవద్దంటారు?" అని అడిగితే ఒకబ్బాయి "మా అమ్మని, మూడ్రోజులు" అన్నాడు. వెనకనుంచి ఒక దళిత బాలిక "మమ్మల్నయితే రోజూ" అంది. కాసేపు మేమెవరం మాట్లాడలేకపోయాం. 2018 శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ నెలసరి పేరుతో వెలి వెయ్యడాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించిన అంటరానితనంతో కలిపి చూశారు. ఆ తీర్పు మీద వివాదం నడుస్తూనే వుంది. రెండు వెలివేతలూ ఒకటే అని నేననను. ఒకటి మూడురోజులది, రెండోది పుట్టుక నుంచి చావుదాకా. కానీ రెంటికీ మూలం మైల అన్న ఊహే. ఒకదాన్ని వదిలేసి రెండోదాని గురించి మాట్లాడలేమని ఆ పిల్ల మాకు నేర్పింది.

మా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక హైస్కూల్లో వుత్సాహం కొద్దీ "ఎవరెవరికి మొదలైందో చేతులెత్తండి" అన్నాం. ఒకమ్మాయి చెయ్యెత్తింది. మగపిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి వారంరోజులు స్కూలుకి రాలేదు. తప్పు నవ్వినవాళ్లది కాదు, అడిగిన మాది. అప్పటినుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఎవరి సొంత విషయమూ అడగం. కారణం చెప్పకుండా ఎవరైనా పక్కన కూచుని స్కోరు రాయొచ్చు. పరుగెత్తలేని పిల్లలుంటే అందరం కూచునే ఆడతాం. సందేహాలు పేరు లేకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. మొదటిరోజు ఆడపిల్లలు, మగపిల్లలు విడివిడిగా, రెండోరోజు కలిసి ఆడతారు. మగపిల్లల్ని బయటికి పంపి చెబితే, ఇది సిగ్గుపడాల్సిన విషయమని మనమే నేర్పినట్టవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మొదలు కాకముందే చెప్పాలి. తొమ్మిది, పదేళ్లకే.

మూడు ఆటలతో మైల పోతుందని నేను చెప్పడం లేదు. స్కూల్లో నీళ్లు, గడియపడే తలుపున్న మరుగుదొడ్డి లేకపోతే ఏ ఆటా నిలబడదు. వాటి కోసం పోరాడుతూనే వుండాలి. మీరు వూళ్లకు తిరిగి వెళ్లాక ఒక్క పని చెయ్యండి. ఏడో తరగతి తర్వాత మైదానంలో ఎంతమంది ఆడపిల్లలు మిగిలారో లెక్కపెట్టండి. మిగలని వాళ్లెక్కడున్నారో, ఎవరు ఆపారో వాళ్లనే అడిగి తెలుసుకోండి. మన పని అక్కడినుంచి మొదలవుతుంది.