కంచే చేను మేస్తే



కంచే చేను మేస్తే కాపాడేదెవరు? ఈ సామెత అందరికీ తెలిసిందే. మనిషి ఒంట్లో కూడా ఒక్కోసారి ఇట్లాగే జరుగుతుంది. ఈ రోజు ఆ సంగతి తెలుసుకుందాం.

మన పేగుల్లో కంటికి కనిపించని బాక్టీరియా కోట్లకు కోట్లు ఉన్నాయి. ఒంట్లో కణాలు ఎన్ని ఉన్నాయో, బాక్టీరియా కూడా దాదాపు అన్ని ఉంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. భయపడకండి. వాటిలో చాలావరకు మంచివే. మనకు అరగని పీచును అవి అరిగిస్తాయి. కొన్ని విటమిన్లు తయారు చేస్తాయి. చెడ్డ క్రిములకు చోటు దొరక్కుండా చూస్తాయి.

ఒంటికి కాపలా కాసే దళం ఒకటుంది. దాన్నే రోగనిరోధక శక్తి అంటారు. తెల్ల రక్తకణాలు ఆ దళంలో సిపాయిలు. వీళ్లలో చాలామంది పేగుల దగ్గరే కాపలా ఉంటారు. తిండితో, నీళ్లతో వచ్చే శత్రువులు చేరేది అక్కడికే కదా!

మరి ఈ కంచె చేనును ఎందుకు మేస్తుంది?

కాంపైలోబాక్టర్ అనే ఒక బాక్టీరియా ఉంది. అది కోళ్ల పేగుల్లో ఉంటుంది. సరిగా ఉడకని కోడిమాంసం, కాచని పాలు, మురికి కలిసిన నీళ్ల ద్వారా మనిషి కడుపులోకి చేరుతుంది. విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం వస్తాయి. చాలామందికి వారంలో తగ్గిపోతాయి.

అయితే కొన్ని కాంపైలోబాక్టర్ల పైపొర మన నరాల మీద ఉండే ఒక పదార్థాన్ని పోలి ఉంటుంది. దొంగ, ఇంటాయన ఒకే రంగు చొక్కా తొడుక్కున్నట్టన్నమాట. దొంగను పట్టడానికి సిపాయిలు ఆయుధాలు తయారు చేస్తారు. వాటిని యాంటీబాడీలు అంటారు. దొంగ పోయాక కూడా అవి ఊరుకోవు. అదే చొక్కా ఉన్న నరాల మీద పడతాయి. సొంత ఒంటి మీదే దాడి జరిగే ఇట్లాంటి జబ్బుల్ని ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు.

నరాలకు వచ్చే ఈ జబ్బు పేరు గిలాన్-బారే. 1916లో ఇద్దరు ఫ్రెంచి సైనికుల్లో దీన్ని గుర్తించిన వైద్యుల పేర్లవి. ఇది అరుదైన జబ్బు. కాంపైలోబాక్టర్ సోకిన సుమారు 1000 మందిలో ఒకరికి వస్తుంది. కొన్ని వైరస్‌ల తర్వాత కూడా రావచ్చు. కానీ 2025 జనవరిలో మహారాష్ట్రలోని పుణె దగ్గర ఒక్కసారిగా చాలామందికి వచ్చింది. కొన్ని వారాల్లోనే 200 మందికి పైగా దీని బారిన పడ్డారు. కొందరు చనిపోయారు. రోగుల మలం పరీక్షిస్తే కొందరిలో కాంపైలోబాక్టర్ కనిపించింది. అధికారులు బావుల నీళ్లు, కుళాయి నీళ్లు పరీక్ష చేయించారు.

దీన్ని గుర్తుపట్టేదెట్లా? విరేచనాలు తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో పాదాల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. రెండు కాళ్లూ పట్టు తప్పుతాయి. కూర్చున్న మనిషి లేవలేడు. బలహీనత కాళ్ల నుంచి చేతులకు, మొహానికి పాకుతుంది. ఊపిరి తీసే కండరాలకు పాకితే ప్రాణాపాయం.

అప్పుడు దిష్టి తీయిస్తూ, పసరు పోయిస్తూ, సెలైన్ ఎక్కిస్తూ ఊళ్లోనే ఉండకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి యంత్రం ఉన్న పెద్దాసుపత్రికి చేరాలి. అక్కడ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కిస్తారు. లేదా రక్తంలోని ప్లాస్మాను మారుస్తారు. మొదటి రెండు వారాల్లోపు వైద్యం మొదలైతే మేలు. నెలలు పట్టినా, చాలామంది మళ్లీ నడుస్తారు. ఇది అంటువ్యాధి కాదు. రోగిని దూరం పెట్టకండి.

కీళ్లవాతం, పిల్లలకొచ్చే చక్కెర జబ్బు లాంటి వాటికీ పేగు బాక్టీరియాకూ ఉన్న సంబంధం మీద పరిశోధనలు సాగుతున్నాయి. ఫలానా పొడితో అవి పోతాయని ఎవరన్నా అమ్మజూపితే డబ్బు పారేసుకోకండి.

మన చేతిలో ఉన్న పనులు చేద్దాం. తాగే నీళ్లు మరిగించి చల్లార్చాలి. పాలు కాచాలి. కోడికూర లోపలి దాకా ఉడకాలి. పచ్చిమాంసం కోసిన కత్తితో కడగకుండా కూరగాయలు కోయకూడదు. దొడ్డికి పోయొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఊరి ట్యాంకు కడిగారా, క్లోరిన్ కలిపారా అని పంచాయతీని అడగాలి. అడగడం మన హక్కు.

దొంగను గడప దాటనీయకపోతే, కంచె చేను జోలికి పోయే అవసరమే రాదు.